వివాల్డి ‘లెవుతో’ ఏది? ఆర్.వి. 93 ల్యూట్ కన్చెర్టోలో వాద్య నిర్ణయం – ఒక పరిశీలన

1. ప్రస్తావన

ఇటలీ స్వరకర్త ఆంటోనియో వివాల్డి (1678–1741) కన్చెర్టోలలో డి మేజర్ ల్యూట్ కన్చెర్టో (ఆర్.వి. 93) విశేషాదరణ పొందినది. 1730 ప్రాంతంలో బొహీమియాకు చెందిన కౌంట్ వృత్బీ కోసం రచించిన ఈ కృతిలో ‘లెవుతో’ (ల్యూట్), రెండు వయొలిన్లు, మంద్రస్వర విభాగం మాత్రమే ఉన్నాయి. నేడిది ఎక్కువగా గిటారుపై వినిపిస్తుంది. ల్యూట్‌పైనే వాయించదలచినప్పుడు మాత్రం ‘ఏ ల్యూట్?’ అన్న ప్రశ్న తప్పదు. ల్యూట్ ఒక వాద్యం కాదు, ఒక వాద్యకుటుంబం. దానిలో దేనిని ఎంచుకున్నారన్నదానిని బట్టి కృతి ధ్వనిస్వరూపమే మారిపోతుంది.

2. పరిగణించదగిన వాద్యాలు

నాలుగు వాద్యాలు పరిశీలనకు వస్తాయి. మొదటిది థియోర్బో. దీని తంత్రులు పొడవైనవి కావడంతో మొదటి రెండింటిని ఒక స్థాయి దించి శ్రుతి చేస్తారు. అందువల్ల సహకారవాద్యంగా ఇది గంభీరమైనదే కాని, పై స్వరాలలో సాగే ఏకస్వర సంచారానికి అనుకూలించదు. రెండవది జర్మన్ ప్రాంతాలలో, బొహీమియాలో ప్రచారంలో ఉన్న 13 తంత్రీ వరుసల బరోక్ ల్యూట్. మూడవది ఇటలీలో వాడుకలో ఉన్న ఆర్చ్‌ల్యూట్. నాలుగవది మాండొలీనో వంటి చిన్న ల్యూట్.

3. స్వరకర్త పదప్రయోగం

ఈ నిర్ణయానికి బలమైన ఆధారం వివాల్డి రచనలలోనే ఉంది. 1740 మార్చిలో శాక్సనీ యువరాజు గౌరవార్థం వెనిస్‌లోని పియెతా అనాథాశ్రమంలో జరిగిన కచేరీకి ఆయన సమకూర్చిన కృతులలో ఆర్.వి. 558 మాండొలిన్లను, థియోర్బోలను పేర్కొంటుంది, ఆర్.వి. 540 ల్యూట్‌ను కోరుతుంది. ఒకే సందర్భంలో మూడు వాద్యాలను మూడు పేర్లతో నిర్దేశించిన స్వరకర్త ‘లెవుతో’ అన్న మాటను అజాగ్రత్తగా వాడి ఉంటాడనుకోవడం సమంజసం కాదు. కాబట్టి థియోర్బో, మాండొలీనో రెండూ వెనుకకు తగ్గుతాయి.

మిగిలినవి రెండు. కృతి గ్రహీత బొహీమియావాసి కావడం 13 వరుసల ల్యూట్‌కు అనుకూలాంశం. అయితే ఆ వాద్యకారులు టాబ్లచర్ అనే స్థానసూచక లిపిని చదివేవారు. వివాల్డి మాత్రం సాధారణ స్వరలిపిలో రాశాడు. శ్రుతి కూడా గమనించదగినదే. ఆర్చ్‌ల్యూట్ మొదటి మూడు తంత్రీ వరుసలు జి, డి, ఎ. ఇవన్నీ డి మేజర్‌లోని స్వరాలే. వాటి మధ్య ఉన్న చతుర్థాంతరాలు వేగవంతమైన సంచారాలకు అనువైనవి. 13 వరుసల ల్యూట్‌పై మొదటి వరుస ఎఫ్; అది డి మేజర్‌కు అన్యస్వరం. వాయించడం అసాధ్యమని దీని అర్థం కాదు. సౌలభ్యం మాత్రం ఆర్చ్‌ల్యూట్ వైపే ఉంది.

4. స్థాయి సమస్య

ఈ నిర్ణయానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. ల్యూట్ భాగం పై స్థాయి స్వరలిపిలో ఉంది. ఆర్చ్‌ల్యూట్‌పై అది రాసినదానికంటే ఒక స్థాయి కింద పలుకుతుంది. అప్పుడు లార్గో భాగంలో వయొలిన్లు నిలిపి పట్టే దీర్ఘస్వరాలు ల్యూట్ రాగరేఖకు పైన వినిపించవచ్చు. చిన్న ల్యూట్‌ను సమర్థించేవారి వాదానికి ఇదే మూలం. దీనిని తేలికగా కొట్టివేయలేము. అయితే మీటిన తంత్రి నాదం తక్షణం ప్రస్ఫుటమై క్షీణిస్తుంది. కమాను నాదం నిలకడగా సాగుతుంది. ఈ భేదం వల్ల చెవి రాగరేఖను స్థాయితోనే కాక నాదగుణంతో కూడా గుర్తిస్తుంది. పై నుంచి కప్పే సన్నని వయొలిన్ నాదం అప్పుడు లోపం కాదు, నేపథ్యం.

5. ముగింపు

ఆర్.వి. 93కు ఆర్చ్‌ల్యూట్ అత్యంత సమర్థనీయమైన వాద్యం. కాని ఆ ఎంపిక ఒక బాధ్యతను కూడా తెస్తుంది. వయొలిన్లు ఒక్కొక్క భాగానికి ఒక్కటి చొప్పున, మెల్లగా వాయించకపోతే ల్యూట్ నాదం వాటిలో మునిగిపోతుంది. పెద్ద వాద్యబృందాన్ని కొనసాగిస్తూ ల్యూట్‌ను మాత్రమే మార్చడం చారిత్రక ప్రామాణ్యం అనిపించుకోదు. వాద్య నిర్ణయమంటే ఒక్క వాద్యాన్ని ఎన్నుకోవడం కాదు, ఆ వాద్యం వినిపించగల పరిసరాన్ని ఎన్నుకోవడం.