ఈనిన మంద

యాసంగి పల్లి పీకే రోజులూ, కోతులు ఈనే రోజులూ మా వనపర్తి వైపు దాదాపు ఒకేసారి వస్తాయి. మంచె ఎక్కిన మొదటిరోజు వడిసెల చేతికిస్తూ మా పెద్దమ్మ ఒకటే చెప్పింది: "ఈనినదాని మీద రాయి పడనియ్యకు బిడ్డా." ఈనింది ఏదో తెలియాలంటే మందను చూడాలి కదా. కావలి కాయడంలో సగం పని ఆ చూడడమే.

గట్టుమీది చింతచెట్టు కింద ఒక పిల్లతల్లి కూర్చునేది. నల్లటి నూగు, ముడతల ముఖం ఉన్న పసికూన దాని పొట్టను కరుచుకుని ఉండేది. పక్కన నిండు చూలుతో ఇంకొకటి. తల్లి వీపున వెంట్రుకలు పాయలు తీసి పేలు చూస్తూ చూస్తూ, చేయి మెల్లగా పిల్ల తోక మీదికి జరిపేది. తల్లి ఊరుకుందా, పిల్లను లాక్కుని గుండెకు హత్తుకునేది. తనదింకా కడుపులోనే ఉంది, పరాయి పిల్ల మీద అంత పాకులాట ఎందుకు?

జవాబు చాలా ఏళ్లకు దొరికింది. కాన్పు దగ్గరపడేకొద్దీ ఆడకోతి రక్తంలో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దానితోపాటే పిల్లల మీద ఆశా పెరుగుతుందని 1998లో మేస్త్రిపియేరి, జెర్ అనే పరిశోధకులు చూపించారు. అండాశయాలు తీసేసిన రీసస్ కోతులకు ఈస్ట్రోజన్ ఇస్తే, అవి కూడా పిల్లల్ని ఎక్కువగా ముట్టుకున్నాయి. ఈనాక ఆక్సిటోసిన్ అనే ఇంకో హార్మోన్ వంతు. 1938లో మన దేశం నుంచి ఓడలో తీసుకెళ్లిన సుమారు 400 రీసస్ కోతుల సంతతి ప్యూర్టో రికో దగ్గరి కేయో శాంటియాగో దీవిలో ఇప్పటికీ ఉంది. అక్కడ ఎక్కువగా పాలిచ్చి, పేలు చూసే తల్లుల్లో ఆక్సిటోసిన్ ఎక్కువ కనబడింది.

అయితే అంతా హార్మోనే అంటే నేను ఒప్పుకోను. చూలే ఎరగని పడుచు కోతులూ పిల్లల కోసం ఎగబడతాయి. తొలిచూలు తల్లికి ఒక్కోసారి పిల్లను పట్టుకోవడమే రాదు. ఒళ్లు తోసేది కొంత, చూసి నేర్చేది కొంత.

తల మీద టోపీలా జుట్టున్న మన దక్షిణాది కోతి, పిల్లను పక్కవాళ్ల చేతికి సులువుగానే ఇస్తుంది. ఉత్తరం నుంచి గోదావరి దాటి వచ్చిన రీసస్ తల్లి అంత తేలిగ్గా వదలదు. గద్వాల, నాగర్‌కర్నూల్ చేలల్లో కాపలా ఉండేవాళ్లకు ఈ తేడా తెలియడం మంచిది. పంట పోతే అప్పు మిగులుతుంది, తరమక తప్పదు. కానీ ఈనిన మందకు వెనక దారి వదిలి తరమాలి. దారి మూస్తే తల్లి మీదపడి కరుస్తుంది.

ఒక పొద్దున ఆ చూలుది కూడా పిల్లతో వచ్చింది, రాత్రే ఈనినట్టుంది. నేను వడిసెల పక్కన పెట్టి డబ్బా కొట్టాను. మంద గట్టు దాటింది. అన్నిటికన్నా వెనక అది, ఒక చేయి పిల్ల వీపు కింద ఆనించి, మూడు కాళ్ల మీద నడిచిపోయింది.