ఇంటిపేరు కుదిర్చిన చుట్టరికం

పాత సంగతులు తవ్వేవాళ్లను ఇంటిపేరు ఇట్టే తొందరపెడుతుంది. కొత్తగా పరిచయమైనవాళ్లను "ఫలానా ఆయన మీకేమవుతారు?" అని అడిగే మనకైతే మరీను. ఈ కాలమ్ కోసం చదివేటప్పుడు ఆ ఆత్రం నాకూ ఉంటుంది. అప్పుడు ఐటింగన్‌లను గుర్తుచేసుకుంటాను.

మాక్స్ ఐటింగన్ 1881లో రష్యా సామ్రాజ్యంలోని మొగిలెవ్‌లో పుట్టి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో పెరిగాడు. తండ్రి హాయిమ్ బొచ్చుతోళ్ల వర్తకుడు, బాగా కలిగినవాడు. 1907లో మాక్స్ జూరిక్ నుంచి ఫ్రాయిడ్‌ను వెతుక్కుంటూ వియన్నా వెళ్లాడు. తర్వాత ఫ్రాయిడ్ సాయంత్రాలు అతనితో వీధుల్లో నడుస్తూనే మనోవిశ్లేషణ చేశాడు. 1920లో బెర్లిన్‌లో తెరిచిన మనోవిశ్లేషణ క్లినిక్‌కు ఐటింగనే డబ్బు పోశాడు. ఇచ్చుకోలేని పేదలకు అక్కడ ఫీజు లేదు. విశ్లేషకుడు కావాలనుకున్నవాడు ముందు తానే విశ్లేషణ చేయించుకోవాలి, పాఠాలు వినాలి, పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడాలి అన్న శిక్షణ పద్ధతి కుదురుకున్నదీ అక్కడే.

ఇంకో ఐటింగన్ నౌమ్. 1899లో, మొగిలెవ్ ప్రాంతంలోనే ఉన్న ష్క్లోవ్‌లో పుట్టాడు. స్టాలిన్ రహస్య పోలీసు అధికారి. 1940 ఆగస్టులో మెక్సికోలో స్టాలిన్ ప్రత్యర్థి ట్రాట్‌స్కీ తలపై రామోన్ మెర్కాడెర్ మంచుగొడ్డలి దింపిన కుట్రను వెనుక నుంచి నడిపించింది ఇతనే.

1988లో అమెరికన్ రచయిత స్టీఫెన్ ష్వార్ట్జ్ న్యూయార్క్ టైమ్స్ పుస్తక సమీక్షా పత్రికలో ఈ ఇద్దరినీ కలిపేశాడు. ఫ్రాయిడ్ శిష్యుడికీ హంతక ముఠాలో చేయి ఉందన్నాడు. కొన్ని నెలల్లోనే చరిత్రకారుడు థియోడర్ డ్రేపర్ ఆ వాదన ఆధారాలను ఒక్కొక్కటిగా విప్పి చూపాడు. అందులో ఇద్దరూ అన్నదమ్ములన్న మాటను కొట్టిపారేయడానికి అంత శ్రమ కూడా అక్కర్లేదని నాకనిపిస్తుంది. రష్యన్ పేరులో తండ్రి పేరు నడుమనే కూర్చుంటుంది. అతను నౌమ్ ఇసాకోవిచ్, అంటే ఇసాక్ కొడుకు. మాక్స్ తండ్రి హాయిమ్. దూరపు చుట్టరికం ఉందా అన్నది వేరే సంగతి.

అయినా మాక్స్‌పై అనుమానమంతా గాలికి పుట్టింది కాదు. రష్యన్ గాయని నదేజ్దా ప్లెవిట్‌స్కాయాకు అతను ఆప్తుడు, అండ. 1937లో పారిస్‌లో ప్రవాస రష్యన్ జనరల్ మిల్లర్‌ను సోవియట్ మనుషులు ఎత్తుకుపోయిన కేసులో ఆమెకు శిక్ష పడింది; విచారణలో మాక్స్ సాయం ప్రస్తావనకు వచ్చింది. పైగా మాక్స్ కుటుంబ సంస్థ సోవియట్ బొచ్చుతోళ్లు కొనేది. నేను కూపీ లాగాల్సి వస్తే ఇంటిపేరు పక్కన పెట్టి, ఆ సంస్థ ఖాతా పుస్తకాలతో మొదలుపెడతాను.