డౌన్‌లోడ్ అక్కర్లేని ఆటలు

నాన్న రిటైరయ్యాక మా ఇంట్లో వచ్చిపడ్డ అసలు సమస్య మధ్యాహ్నాలు. ముప్పైమూడేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి. పేపర్లో సుడోకు కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. సీరియళ్లు పడవు. పగలు కునుకు తీస్తే రాత్రి నిద్ర పట్టదు. చివరికి అమ్మే ఫోన్ చేసి, "ఒరేయ్, కంప్యూటర్లో ఏవన్నా మంచి ఆటలుంటే మీ నాన్నకి చూపించరా. ఏదీ ఎక్కించే పని మాత్రం ఉండకూడదు" అంది.

ఎక్కించడమంటే భయం ఎందుకంటే, అంతకుముందు నెలే ఏదో ఉచిత సుడోకు సైట్లో 'ఆట మొదలుపెట్టండి' అని రాసున్న ఆకుపచ్చ బటన్ నొక్కాడు నాన్న. అది ఆట బటన్ కాదు, ప్రకటన. ఏదో దిగింది. బ్రౌజర్ హోమ్ పేజీ మారిపోయింది, ఏం తెరిచినా ఇంకేదో తెరుచుకోవడం మొదలైంది. నేను ఆదివారం ఒంగోలు వెళ్లి అదంతా శుభ్రం చేస్తుంటే పక్కనే నిలబడి, "ఆట అని రాసుంటే నొక్కాన్రా, నాకేం తెలుసు" అన్నాడు. అంతమంది పిల్లల తప్పులు దిద్దిన మనిషి తప్పు చేసిన పిల్లాడిలా మాట్లాడటం నాకు బాధేసింది.

సరే, ఇదెంత పని, పది నిమిషాల్లో ఓ సైటు వెతికి పంపేద్దాం అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నాకర్థమైంది ఏంటంటే, నేను చేస్తున్నది వెతకడం కాదు, విమర్శ. ఏది మంచి ఆట, ఏది మంచి సైటు, ఎందుకు మంచిది అని తేల్చుకోకుండా వెతకడం కుదరదు.

ముందు ఒక మాట. ఇలాంటి ఆటల్ని 'క్యాజువల్' అంటారు. మన భాషలో దగ్గరి మాట కాలక్షేపం. సాహిత్యంలో మనం దాన్ని తిట్టుగా వాడతాం, 'కాలక్షేపం బఠాణీలు' అని. హరికథా కాలక్షేపం అన్నప్పుడు మాత్రం అది తిట్టు కాదు. ఒక మనిషి మధ్యాహ్నాన్ని మర్యాదగా గడిపేలా చెయ్యడం చిన్న పనేం కాదని నాన్నని చూశాక అనిపించింది.

నా తరానికి బ్రౌజర్ ఆటలంటే ఫ్లాష్. 2007లో ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ల్యాబ్ కంప్యూటర్లలో ఏదీ ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఉండేది కాదు. అందుకే మాకు బ్రౌజరే మైదానం. మినీక్లిప్, న్యూగ్రౌండ్స్, కాంగ్రిగేట్. ల్యాబ్ అసిస్టెంట్ అడుగుల చప్పుడు వినగానే ఆల్ట్ ట్యాబ్. 2008లో బెన్నెట్ ఫాడీ చేసిన 'క్వాప్' గుర్తుందా? క్యూ, డబ్ల్యూ తొడలకి, ఓ, పీ పిక్కలకి. వంద మీటర్లు పరిగెత్తాలి. ఎవడూ పది మీటర్లు దాటేవాడు కాదు. మా బెంచి మొత్తం కన్నీళ్లొచ్చేలా నవ్వేది. నడవడం అనే పనిలో ఎంత ఇంజినీరింగ్ ఉందో ఏ మెకానిక్స్ పాఠమూ నాకు అంత బాగా చెప్పలేదు.

ఆ ఫ్లాష్‌ని అడోబీ 2020 డిసెంబర్ 31తో ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయర్ కూడా ఆటల్ని తెరవనివ్వలేదు. భద్రతా లోపాలు నిజమే, స్మార్ట్‌ఫోన్లలో అది నడవకపోవడమూ నిజమే. ఒక ఇంజినీరుగా ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఒక ప్రక్రియ మొత్తం క్యాలెండర్‌లో తేదీ చూసుకుని చచ్చిపోవడం మరే కళలోనైనా జరిగిందా? పుస్తకం అచ్చులో లేకపోయినా ఎవరింట్లోనో ఒక ప్రతి ఉంటుంది. ఇక్కడ ప్రతి ఉన్నా చదివే కళ్లద్దాలు లాగేసుకున్నారు.

కొన్ని బతికాయి. 'రఫుల్' అని, రస్ట్ భాషలో రాసిన ఒక ఎమ్యులేటర్ ఉంది. అది పాత ఫ్లాష్ ఫైల్‌ని ఇప్పటి బ్రౌజర్లోనే నడిపిస్తుంది. 2020 నవంబర్‌లో ఇంటర్నెట్ ఆర్కైవ్ దాన్ని వాడి పాత ఆటల్ని, యానిమేషన్లని మళ్లీ తెరిచింది. న్యూగ్రౌండ్స్ కూడా అదే వాడుతోంది. ఫ్లాష్‌పాయింట్ అనే ప్రాజెక్టు వాళ్లు లక్షకి పైగా ఆటల్ని దాచారు కానీ దాన్ని డౌన్‌లోడ్ చేసుకోవాలి. అమ్మ షరతు ప్రకారం అది అవుట్.

పాతవాటిలో నేను మళ్లీ వెతుక్కుని ఆడింది ఒకటే. 2009లో 'మొల్లేఇండస్ట్రియా' పేరుతో పావొలో పెదెర్చీనీ చేసిన 'ఎవ్రీ డే ద సేమ్ డ్రీమ్'. బూడిదరంగు లోకం. బాణం మీటలు, స్పేస్‌బార్, అంతే. పొద్దున లేస్తావు, టై కట్టుకుంటావు, వంటింట్లో భార్య, లిఫ్టు, కారు, ట్రాఫిక్, ఆఫీసు. ఆఫీసులో వరసగా క్యూబికల్స్, ప్రతిదాంట్లోనూ నీలాంటివాడే. నడిచి నడిచి ఖాళీ కుర్చీ దొరికితే అది నీది. మళ్లీ పొద్దున. లిఫ్టులో ఒక ముసలావిడ మాత్రం ఇంకో ఐదు అడుగులేస్తే నువ్వు కొత్త మనిషివవుతావని చెబుతుంది. ఆ అడుగులేంటో ఆట చెప్పదు. కారు ఆపి పొలంలో ఆవుని నిమరొచ్చు. రాలుతున్న ఆకు కింద చెయ్యి పట్టొచ్చు. ఐదూ అయ్యాక వచ్చే ముగింపు నేను చెప్పను, చీకటిగా ఉంటుందని మాత్రం చెబుతాను.

కాలేజీలో ఆడినప్పుడు 'బోర్' అని మూసేశాను. ఉద్యోగంలో పదేళ్లు అయ్యాక ఆడితే ఆ క్యూబికల్ వరస దగ్గర చెయ్యి ఆగింది. ఆఫీసు మీద కథలు మన దగ్గర చాలానే వచ్చాయి, కానీ వాటిలో విసుగుని ఎవరో నాకు వర్ణిస్తారు. ఇక్కడ రోజూ అదే దారిలో నడిపించేది నా వేలే. పది నిమిషాల ఆట కథ చెయ్యలేని పని చేసింది. ఇది నాన్నకి పంపలేదు, చెప్పక్కర్లేదు.

ఇప్పటి సైట్లకి వస్తే, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నడిచే పోకీ, బెల్జియంలో పుట్టిన క్రేజీగేమ్స్ లాంటి పెద్ద పోర్టళ్లున్నాయి. డౌన్‌లోడ్ అక్కర్లేదు, వెంటనే ఆడొచ్చు, మధ్యమధ్యలో ప్రకటనలొస్తాయి. వాళ్లదీ వ్యాపారమే, దానికి నాకేం అభ్యంతరం లేదు. నా ఫిర్యాదు వేరే. తెరవగానే వరసలుగా రంగురంగుల బొమ్మలు. చేసినవాళ్ల పేరు కావాలంటే ఆట పేజీలో ఎక్కడో కింద వివరణలో వెతుక్కోవాలి. సంకలనం వేసి విషయసూచికలో రచయితల పేర్లు తీసేస్తే మనం ఊరుకుంటామా?

ఇచ్.ఐఓ దీనికి పూర్తిగా ఎదురు. 2013లో లీఫ్ కార్కొరన్ మొదలుపెట్టాడు. ఎవరైనా తమ ఆట పెట్టుకోవచ్చు, పేరు ఆట పక్కనే ఉంటుంది. 'వెబ్' అనే ఫిల్టర్ నొక్కితే బ్రౌజర్లో ఆడేవే మిగులుతాయి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల్లాంటి చోటు. చెత్త బోలెడు, సగంలో వదిలేసినవి ఇంకా బోలెడు. వంగి వెతికే ఓపికుంటే ఒక్కోసారి ఏదో దొరికి ఆ రోజంతా బాగుంటుంది. మనలాంటివాళ్లకి బాగుంటుంది. నాన్నకి ఓపికుంది కానీ ఇంగ్లీషులో అన్ని వేల పేర్ల మధ్య ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

వర్డిల్ చూపించాను. జాష్ వార్డిల్ 2021లో జనం ముందు పెట్టినప్పుడు దానికి ప్రకటనల్లేవు, యాప్ లేదు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది. రోజుకి ఒక్క మాట, ఆరు ప్రయత్నాలు, రేపు రండి. ఇంకా ఆడు అని ఏ ఆటైనా అంటుంది, ఇవాళ్టికి చాలు అన్నదే దాని గొప్ప. నాన్న రెండ్రోజులు ఆడి, "తెలుగులో ఎందుకు లేదురా ఇలాంటిది" అన్నాడు. అడిగినంత తేలిక కాదు. ఇంగ్లీషులో గడికి ఒక అక్షరం. మనకి 'స్త్రీ' ఒక అక్షరమే, కంప్యూటర్‌కి మాత్రం ఆరు కోడ్‌పాయింట్లు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. సరే, అక్షరాన్నే గడి అనుకుందాం. జవాబులో 'కా' ఉండి నేను 'కి' రాస్తే దానికి పచ్చ రంగెయ్యాలా, పసుపా, ఏదీ వద్దా? ఈ ప్రశ్న మీద నాన్నా నేనూ ఒక గంట ఫోన్లో వాదించుకున్నాం. ఆయన పాయింటు: హల్లు దొరికింది కాబట్టి సగం మార్కులివ్వాలి. మాస్టారు మాస్టారే.

చివరికి నిలబడింది సైమన్ టాథమ్ పజిల్స్. మీరు సాఫ్ట్‌వేర్ వాళ్లయితే ఈయన మీకు తెలుసు, పేరు తెలియకపోవచ్చు. విండోస్ నుంచి లినక్స్ సర్వర్‌కి కనెక్టవ్వడానికి వాడే పుట్టీ రాసింది ఈయనే. 2004 నుంచి చిన్న చిన్న లాజిక్ ఆటలు రాసి ఒకచోట పెడుతూ వచ్చాడు, ఇప్పుడు దాదాపు నలభై. పేజీ చూస్తే 1990ల్లో ఆగిపోయినట్టుంటుంది. ప్రకటనల్లేవు, లాగిన్ లేదు, చప్పుడు లేదు. సుడోకు పేరు 'సోలో'. దీవుల మధ్య వంతెనలు కట్టేది 'బ్రిడ్జెస్'. చిక్కుపడ్డ గీతల్ని విప్పేది 'అన్‌టాంగిల్'. ఇందులో 'మైన్స్' ప్రత్యేకం. విండోస్ మైన్‌స్వీపర్లో చివరికి రెండు గడులు మిగిలి, బాంబు దేని కింద ఉందో గుడ్డిగా ఊహించాల్సి వచ్చేది కదా, ఇక్కడ ఆ గతి పట్టదు. మొదటి క్లిక్ తర్వాత ఊహతో పనిలేకుండా తర్కంతోనే పూర్తయ్యేలా ప్రోగ్రామ్ ప్రతి ఆటనీ తయారుచేస్తుంది. ఆడేవాడి బుర్ర మీద గౌరవం ఉన్నవాడు మాత్రమే పడే శ్రమ అది.

నాన్నకి ఇదంతా నేను చెప్పలేదు. లింకు పంపి ఊరుకున్నాను. నాలుగో రోజు ఆయనే ఫోన్ చేశాడు. "దీంట్లో మోసం లేదురా. ఎక్కడన్నా ఆగిపోయానంటే తప్పు నాదే" అన్నాడు, చాలా సంతోషంగా.

ప్రతి పజిల్ కింద రెండు లింకులుంటాయి, అదే పజిల్‌ని ఇంకొకరికి పంపడానికి. వాటిని నేను చూపించలేదు, ఆయనే కనిపెట్టాడు. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నరకి, సరిగ్గా నా స్టాండప్ మీటింగ్ టైముకి, వాట్సాప్‌లో ఒక లింకొస్తుంది. కింద రాసుంటుంది: "పద్దెనిమిది నిమిషాలు. నీకెంత?"