శ్రుతి కాస్త తప్పిన యంత్రం

సినిమా పాటలతో పెరిగిన చెవి పల్లవి కోసం వెతుక్కుంటుంది. అది దొరక్కపోయినా పారిస్ కుర్రాడు జేమ్స్ కెంట్ ఆల్బమ్‌ని మాత్రం నేను మళ్లీ మళ్లీ పెట్టుకుంటాను. 'పర్టర్బేటర్' పేరుతో అతను 2014లో తెచ్చిన 'డేంజరస్ డేస్' అది. 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' సినిమా స్క్రిప్టుకు ఒక దశలో ఉన్న పేరు కూడా అదే. ఒకటి రెండు చోట్ల అతిథుల గొంతులు వినిపిస్తాయి, ఒక ట్రాక్‌లో కార్పెంటర్ బ్రూట్ అనే మరో సంగీతకారుడు చెయ్యి కలిపాడు. మిగతాదంతా ఒక్కడి పనే.

'బ్లేడ్ రన్నర్' సంగీతం కోసం వ్యాంజెలిస్ వాయించిన యమహా సీఎస్-80 సింథసైజర్ బరువు దాదాపు 100 కిలోలు. ఇప్పుడా ధ్వని లాప్‌టాప్‌లోకి వచ్చేసింది. సరదాకి నేనూ ఓ సాఫ్ట్‌వేర్ సింథ్ పెట్టుకుని గెలికాను. ధ్వని పుట్టించే రెండు ఆసిలేటర్లనీ సరిగ్గా 440 హెర్ట్జ్ దగ్గర నిలిపితే స్వరం శుభ్రంగానే ఉంటుంది గానీ చచ్చుగా ఉంటుంది. ఒకదాన్ని 441కి జరిపితే చాలు, సెకనుకోసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది, ఊపిరి తీసుకుంటున్నట్టు. శ్రుతి తప్పితే మా సంగీతం మేష్టారు కసురుకునేవారు. ఇక్కడ ఆ తప్పే కావాలి. ఇక కిక్ డ్రమ్ పడ్డప్పుడల్లా బేస్ దానికదే అణిగి, వెంటనే లేచేలా, ధ్వనిని అణిచే కంప్రెసర్‌ని కట్టేస్తారు. పాటకి ఆ ఊపు, ఆ తోపు అక్కడినుంచే వస్తాయి.

ఈ కిటుకులు ఎనభైల సింథ్ ధ్వనిని తిరిగి తెచ్చే సింథ్‌వేవ్ చేసేవాళ్లందరికీ తెలిసినవే. అందుకే ఈ బాణీలో చాలా ఆల్బమ్‌లు ఒకే కారు, ఒకే నియాన్ సూర్యాస్తమయం, ఒకే తీపి బెంగ. కెంట్ పుట్టిందే 1993లో. బెంగపడడానికి అతనికి ఎనభైల జ్ఞాపకాలేవీ లేవు. పర్టర్బేటర్ కాకముందు బ్లాక్ మెటల్ బృందాల్లో గిటారు వాయించాడు. ఆ చెయ్యే సింథ్ మీద పడింది. బేస్‌ని డిస్టార్షన్‌తో గరుకు చేసి, గిటారు రిఫ్‌లాగే బాదుతాడు. అతని ట్రాకులున్న 2012 నాటి 'హాట్‌లైన్ మయామి' వీడియో గేమ్ ఆడినవాళ్లకి ఆ కసి అప్పటికే తెలుసు. భవిష్యత్తు అంటే భయపడాలి అని నమ్మించేది నాకైతే ఆ గరుకుతనమే. ట్రాకుల పేర్లలోని సైన్స్ ఫిక్షన్ అంతా అలంకారం.

చివర్లో దాదాపు 12 నిమిషాల టైటిల్ ట్రాక్ ఉంది. ఓపిక లేకపోతే ముందు 'హ్యూమన్స్ ఆర్ సచ్ ఈజీ ప్రే' వినండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు. సగం ఆల్బమ్ బేస్‌లోనే ఉంది, అది అందులో పలకదు.