సైన్యం నీళ్లెక్కడ తాగింది?

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక వీడియో. రాయచూరు యుద్ధం మీద తీసింది. లక్షల సైన్యం, లక్షల సైన్యం అని గొంతు చించుకోవడం, వెనక డప్పుల మోత, మబ్బుల్లో తల పెట్టిన ఏనుగులు. చూపించినవాడు మా వీధి కుర్రాడే. డిగ్రీ అయిపోయింది, నేవీలో అగ్నివీర్‌కు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఎంపికైతే ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిలికాలో శిక్షణ. "చూడండి సార్, మనోళ్లు ఎట్ల కొట్టినారో" అని వాడి సంబరం. ఆ సంబరం మీద నాకేమీ కోపం లేదు. వీడియో అయిపోయాక వాడే అన్నాడు: "యుద్ధాల మీద మంచి బుక్ ఏదన్నా ఉంటే చెప్పండి సార్. లావుదైనా సరే, చదువుతా." చిలమత్తూరులో ఒక కుర్రాడు నోరు తెరిచి లావు పుస్తకం అడిగితే ఆ పూట నాకు వేరే పండుగ అక్కర్లేదు.

ఈ కాలమ్ విడవకుండా చదివేవాళ్లకు నా ప్రశ్న కొత్త కాదు. యుద్ధం పుస్తకం ఏది చేతికొచ్చినా నేను ముందు వెతికేది రాజుల పేర్లు కాదు. అంతమంది నీళ్లెక్కడ తాగారు? ఎద్దులకు మేత ఎక్కడి నుంచి వచ్చింది? తళ్లికోట యుద్ధం మీద రాసిన వారం కూడా ఇదే అడిగాను. ఒక పెద్దమనిషి ఉత్తరం రాశారు, వీరుల కథలో బిందెల లెక్క ఎందుకయ్యా అని. కరువు నేల మీద పుట్టినవాడికి బిందెల లెక్కే ముందు కనిపిస్తుందని ఆయనకు అప్పుడే జవాబిచ్చాను.

సరే, రాయచూరు సంగతే చూద్దాం. లక్షల సైన్యం అన్న మాట వీడియో వాళ్లు పుట్టించింది కాదు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి ఫెర్నావ్ నూనిజ్ రాసిపెట్టిన వృత్తాంతంలో ఉంది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన రాబర్ట్ సూయెల్ దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1900లో 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' అనే పుస్తకంలో వేశాడు. విజయనగర దండుకు నూనిజ్ దళం దళం చొప్పున చెప్పిన అంకెల్ని సూయెల్ కూడితే 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు తేలాయి. యుద్ధం జరిగిన రోజుగా సూయెల్ తేల్చింది 1520 మే 19. మే నెల! కృష్ణా తుంగభద్రల నడుమ భూమి మే నెలలో ఎట్లా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?

కాగితం మీద లెక్క వేశాను. తాగడానికీ సంకటికీ కలిపి మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకోండి, స్నానం మాట మరిచిపోండి. గుర్రానికి ముప్పై, ఏనుగుకు నూట యాభై. అన్నీ కలిపితే రోజుకు 38 లక్షల లీటర్లు దాటుతుంది. మన వీధికొచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లైతే 770కి పైగా కావాలి. ఒక్క రోజుకు! కాగితం మడిచి, ఈ పుస్తకం వద్దులే, ఇంకేదన్నా చెబుదాం అనుకున్నాను.

కానీ ఏళ్ల తర్వాత సూయెల్‌ను మళ్లీ తెరిచాను కదా, మూసేముందు ఆ పుటలు ఇంకోసారి చదివాను. నూనిజ్‌కు నా ప్రశ్న తెలుసు. దండు వెంట పది పన్నెండు వేల మంది నీళ్లు మోసేవాళ్లు ఉన్నారంటాడు. తోలుతిత్తులు పట్టుకుని దారి పొడవునా నిలబడి, అడిగినవాడికల్లా పోసేవాళ్లు, దాహంతో ఎవరూ చావకూడదని. ఆ తర్వాత ఇంకొకటి చెబుతాడు. దండు ఒక ఏటి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాలి లోతైనా లేవట. సగం మంది దాటకముందే చుక్క మిగల్లేదట. వెనకొచ్చినవాళ్లు ఇసుకలో గుంటలు తవ్వుకుని నీళ్లు వెతుక్కున్నారట.

గుంటలు అంటే చెలమలే. బాగేపల్లి మీదుగా వచ్చే చిత్రావతిలో చెలమ తీసిన చేతులు నావి. ఇసుకను మోచేతి లోతు తోడాలి. అంచులు జారిపోకుండా పక్కకు వాలుగా తీయాలి, లేకపోతే తోడినంతా మళ్లీ లోపలికే కూలుతుంది. అడుగున తడి మెరుస్తుంది, కాసేపటికి చెమ్మ చేరి నీరవుతుంది. మొదట ఊరే నీళ్లు బురద, కొబ్బరిచిప్పతో ముంచి అవతల పారబోయాలి. రెండోసారి కూడా అంతే. మూడోసారి ఊరినవి బిందెకు పనికొస్తాయి. ఒక బిందె నిండేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. మా అమ్మ, ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. చెలమ దగ్గర వెనక నిలబడ్డవాళ్లకు దొరికేది మళ్లీ బురదే. అందుకే తెల్లవారకముందే పోవాలి. ముందు పోయినవాళ్లు గట్టు మీద కూర్చుని వెనకొచ్చేవాళ్లను చూస్తుంటే ఆ చూపులో గర్వం ఉండేది కాదు, ఒక రకమైన సిగ్గు ఉండేది. ఊళ్లో తగాదాలు సగం అక్కడే పుట్టేవి, అక్కడే తీరేవి. బోర్లు వచ్చాక చెలమలు పోయాయి. ఆ తర్వాత బోర్లూ ఎండిపోయి ట్యాంకర్లొచ్చాయి. ఇప్పటి పిల్లలకు చెలమ ఎట్లా తీయాలో తెలియదు.

ఏడు లక్షల మాట నూనిజ్ ఎవరో చెబితే రాసుకుని ఉంటాడు. ఏ కొలువులోనైనా అంకెలు పెరగడం మామూలే. ఇసుకలో గుంటల సంగతి మాత్రం ఆ దండులో వెనక వరసలో నడిచినవాడి నోటి నుంచే వచ్చి ఉండాలి. పొగడ్త కోసం అల్లే మాట కాదది, అందులో రాజుకు గొప్పేమీ లేదు. అంకె నమ్మొద్దు, చెలమ నమ్ము అని కుర్రాడికి చెప్పాను. సూయెల్ పుస్తకానికి హక్కుల గడువు ఎప్పుడో తీరింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. వాడి ఫోన్‌లో అక్కడే దింపించాను.

వాడు పోయేది నేవీకి కాబట్టి సముద్రం పుస్తకాలు కూడా చెప్పాల్సి వచ్చింది. మెట్ట నేలవాడికి నౌకాదళ చరిత్ర పరాయిది అనుకుంటారు గానీ నా ఉద్దేశంలో అంత దగ్గరి చరిత్ర ఇంకొకటి లేదు. చుట్టూ నీళ్లున్నా తాగే నీళ్లు లెక్క పెట్టుకుని బతకడమే కదా ఓడ బతుకు. ఎన్.ఎ.ఎం. రోడ్జర్ 1986లో రాసిన 'ద ఉడెన్ వరల్డ్' 18వ శతాబ్దపు ఇంగ్లీషు నౌకాదళం మీద. అందులో ఫిరంగుల కంటే ముందు ఉప్పు మాంసం, గట్టి బిస్కెట్లు, పీపాలు, వాటి జమాఖర్చులు. పీపాల్లో నీళ్లు చెడిపోతాయి కాబట్టి నావికుడికి రోజుకు ఒక గాలన్ బీరు ఇచ్చేవాళ్లు. 1740లో అదే నౌకాదళానికి చెందిన ఆన్సన్ నాయకత్వంలో బయల్దేరిన దాదాపు 1,900 మందిలో ఎక్కువమందిని చంపింది శత్రువు కాదు, తాజా కూరలు, పండ్లు లేక వచ్చే స్కర్వీ జబ్బు. విశాఖలో రామకృష్ణా బీచ్‌లో ఒడ్డుకు చేర్చి పెట్టిన కురుసురా జలాంతర్గామిని చూసినవాళ్లకు తెలుస్తుంది, డెబ్బై మందికి పైగా మనుషులు అంత ఇరుకులో, నీళ్లు కొలిచి వాడుకుంటూ ఎట్లా ఉండేవారో. అందులో ఉద్యోగం చేయడానికి మా అనంతపురం వాడి కంటే తగినవాడు ఎవడు?

ఇంతవరకు నా పద్ధతి బాగానే నడిచింది. నీళ్లు, తిండి, మేత. ఎవరివి ముందు అయిపోతే వాళ్లు ఓడిపోతారు. ఆ ధీమాతోనే గుత్తి కథ కూడా చెప్పబోయాను, మన ఉమ్మడి అనంతపురం జిల్లా కథ కదా అని.

గుత్తి ముట్టడిని వివరంగా రాసినవాడు మార్క్ విల్క్స్. మైసూరులో ఈస్టిండియా కంపెనీ తరఫున రెసిడెంట్ పని చూసినవాడు. ఆయన రాసిన మైసూరు చరిత్ర మూడు సంపుటాలు 1810, 1817ల మధ్య వచ్చాయి. నెపోలియన్‌ను సెయింట్ హెలెనా దీవికి తెచ్చి దింపిన 1815లో ఆ దీవికి గవర్నర్ ఈయనే. గుత్తి కథ రాసిన మనిషి నెపోలియన్‌తో కూర్చుని మాట్లాడాడు అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన చెప్పిన ప్రకారం 1776లో హైదరాలీ గుత్తిని ముట్టడించాడు. లోపల మురారిరావు ఘోర్పడే, ఆర్కాటు యుద్ధాల నాటి నుంచి పేరుమోసిన మరాఠా సేనాని. కింది కోట పోయింది, పై కోట నిలిచింది. కొండ మీద రాతి సందుల్లో వాన నీళ్లు పట్టే గుండాలు, బావులు. అవి అడుగంటాయి. పన్నెండు లక్షల రూపాయలకు రాజీ కుదిరింది. ఉన్నంత ఇచ్చి, మిగతాదానికి జామీనుగా తన సేనాని కొడుకును పంపాడు మురారిరావు.

ఇక్కడిదాకా కథ నావైపే ఉంది. నీళ్లు అయిపోయాయి, కోట వంగింది. కానీ వంగింది గానీ పడలేదు. రాజీ కుదిరింది, హైదర్ వెళ్లిపోవాల్సిందే. హైదర్ ఆ కుర్రవాడిని ఆదరించి భోజనం పెట్టించాడు. మాటల్లో పెట్టి పౌరుషం రేపితే వాడు అనేశాడు: నీళ్లు అయిపోబట్టి గానీ లేకపోతే మేం లొంగేవాళ్లమా, మూడు రోజులకు మించి నీళ్లు లేవు అని. హైదర్ రాజీ తిరగదోడి మళ్లీ చుట్టుముట్టాడు. మురారిరావు లొంగిపోయాడు. శ్రీరంగపట్నం, అక్కడి నుంచి కబ్బాళదుర్గం, అక్కడే చావు.

మరి గుత్తిని పడగొట్టింది నీళ్ల కరువా, నోటి మాటా? గుండం ఎండిన సంగతి గుండానికి తెలిస్తే చాలదు, అవతలివాడికి తెలియాలి. ఇది మనసులో పడ్డాక నేను ఏళ్లుగా చెబుతూ వచ్చిన మిగతా ఉదాహరణలూ వేరేగా కనిపించసాగాయి. 1791 మేలో టిప్పు మీదికి శ్రీరంగపట్నం దాకా పోయిన కంపెనీ సేనాని కార్న్‌వాలిస్, ఎద్దులు చచ్చి, తిండి లేక, తన పెద్ద ఫిరంగుల్ని తానే పగలగొట్టి వెనుదిరిగాడు. మేత లేక ఓడిన దండుకు ఇంతకంటే సాక్ష్యం లేదని ఇదే కాలమ్‌లో రాశాను. ఆ దండు వెనుదిరిగిన దారిలోనే, ఫిరంగులు పగిలిన కొద్ది రోజులకే, మరాఠా మిత్రుల సైన్యం ఎదురైంది, నిండు బజారుతో. అంత దగ్గరగా తిండి వస్తున్నా కార్న్‌వాలిస్‌కు కబురు అందలేదు. టిప్పు రౌతులు ఒక్క ఉత్తరాన్నీ దాటనివ్వలేదు.

నా పద్ధతిని అంతకంటే గట్టిగా కదిలించింది మన విశాఖపట్నమే. 1971 పాకిస్తాన్ యుద్ధంలో తూర్పు నౌకాదళ కమాండ్‌ను నడిపిన వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ 'నో వే బట్ సరెండర్' అని 1980లో పుస్తకం రాశాడు. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ వెతుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్‌ను. విక్రాంత్‌ను అండమాన్ల వైపు దాచి, అది విశాఖలోనే ఉందని నమ్మించాలి. అందుకు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే పాత ఓడను విక్రాంత్ అన్నట్టు ఆడించారు, వైర్‌లెస్‌లో సందడి పెంచారు. విక్రాంత్‌లో ఉన్న ఒక నావికుడు తల్లి ఆరోగ్యం అడిగినట్టు టెలిగ్రామ్ పంపించారు. వీటన్నిటితో పాటు కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున ఆర్డర్ చేశారు. అంత కూర ఎవరికి? పెద్ద ఓడ వచ్చిందన్నమాట అని బజారే చెప్పుకుంటుంది కదా.

బిందెల లెక్క, కూరల లెక్క చూసి సైన్యాన్ని కొలవాలన్నది నేను పట్టుకున్న సూత్రం. ఆ సూత్రం తెలిసినవాడి కోసమే పన్నిన వల అది. తిండి లెక్క అబద్ధం చెప్పదని నమ్మినవాడే అందులో పడతాడు. డిసెంబర్ 3 రాత్రి తెల్లవారేలోగా గాజీ విశాఖ బయట మునిగిపోయింది, లోపలున్న 93 మందితో సహా.

కాబట్టి కుర్రాడికి చివరికి నేను చెప్పింది మొదట అనుకున్నది కాదు. నీళ్ల సంగతి చెప్పే పుస్తకం మంచిదే. కానీ ఒక యుద్ధం మీద ఒకే పుస్తకం చదవొద్దన్నాను. అటువాళ్లకు ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది ఇటువైపు పుస్తకంలో సగమే దొరుకుతుంది. విల్క్స్‌ను చదివితే హైదర్, టిప్పుల కొలువు తెలిసిన కిర్మానీ పారసీలో రాసిన చరిత్రనూ చదవాలి. అందులో హైదర్ భాగాన్ని కల్నల్ మైల్స్ 1842లో ఇంగ్లీషు చేశాడు. కృష్ణన్‌ను చదివితే పాకిస్తాన్ నౌకాదళం తన చరిత్ర తాను 1947 నుంచి 1972 దాకా రాయించుకుని 1991లో అచ్చేసిన పుస్తకమూ చదవాలి. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే గాజీని ముంచాయని మనవాళ్లంటారు. ప్రమాదం వల్ల పేలిందని, అది తెచ్చిన మైన్లే దాన్ని ముంచి ఉంటాయని వాళ్లంటారు. నేవీలోకి పోయేవాడు ఆ రెండూ ఎరిగి పోతే మంచిది.

పాకిస్తాన్ పుస్తకం హిందూపురంలో దొరకలేదు. కృష్ణన్ పుస్తకమూ కొత్త ప్రతి కనపడటం లేదు. చదివేవాళ్లలో నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లు ఎవరి దగ్గరైనా ఆ రెండిట్లో ఏదన్నా ఉంటే పత్రిక చిరునామాకు ఒక కార్డు ముక్క రాయండి. రానూపోనూ పోస్టు ఖర్చు నాది. కుర్రాడికి పిలుపు వచ్చేలోగా చదివించి, చెదల పాలు కాకుండా తిరిగి పంపే పూచీ కూడా నాదే.