మా దువాలో లేని కవి

ఫైజ్ జైలు కవిత్వాన్ని మేం ముషాయిరాల్లో తలలూపుతూ విన్నాం. అష్రఫ్ ఫయాద్ పేరు మాత్రం మా నోట రాలేదు. సౌదీలో పుట్టిన పలస్తీనా కాందిశీకుల బిడ్డ. 2008లో బీరూట్‌లో అచ్చయిన అతని కవితల్లో ఇల్లులేనివాళ్ల గోస ఉంది, చమురు సంపద మీద చురక ఉంది. సౌదీ కోర్టుకు వాటిలో మతభ్రష్టత్వం కనపడింది. 2015 నవంబరులో మరణశిక్ష వేసింది. 2016 జనవరి 14న 40కి పైగా దేశాల్లో ఆ కవితలు చదివారు. ఫిబ్రవరిలో మరణశిక్ష రద్దయింది. 8 ఏళ్ల జైలు, 800 కొరడా దెబ్బలు మిగిలాయి.

నోరు విప్పితే ఇస్లాంని బదనాం చేసేవాళ్ల చేతికి రాయి అందించినట్టవుతుందని మేం భయపడ్డాం. ఆ కేసులో ఇస్లాంని మాత్రమే చూసిన సెక్యులర్ మిత్రులకేమో కవితలోని కాందిశీకుడు కనపడలేదు. పలస్తీనా కోసం చేతులెత్తే మా దువాలో ఆ పలస్తీనా కవికి చోటు లేకపోతే, రేపు మా కవి జైలుకెళ్లిన రోజు ఏ ముఖంతో లోకాన్ని పిలుస్తాం?