ఇద్దరు యాత్రికురాళ్లు - ఒకే తక్కెడ

గోదావరి ఆనకట్ట పనులు 1847లో ప్రారంభమయ్యాయి. అంతకు దాదాపు దశాబ్దం ముందు, జిల్లా జడ్జి భార్యగా రాజమహేంద్రవరంలో నివసించిన జూలియా మెయిట్లండ్ స్వదేశానికి వ్రాసిన లేఖలు 1843లో లండన్‌లో, ఆమె పేరు లేకుండానే గ్రంథరూపం దాల్చాయి. ఈ దేశ ప్రజల పట్ల తోటి దొరసానుల ఉదాసీనతను ఆమె ఎత్తిపొడిచారు. భర్తతో కలిసి అక్కడ పాఠశాల నెలకొల్పారు. అయినా ఇక్కడి మతాచారాలను మాత్రం తన క్రైస్తవ విశ్వాసపు కొలతతోనే కొలిచారు.

పాలకవర్గపు స్త్రీ వ్రాత కదా అని దీనిని తోసిపుచ్చేవారు, భోపాల్ పాలకురాలు సికందర్ బేగం హజ్ యాత్రావృత్తాంతాన్ని కూడా చదవాలి. 1864లో మక్కా చేరిన బేగం అక్కడి అపరిశుభ్రతను, అధికారుల వసూళ్లను నిర్మొహమాటంగా విమర్శించారు. ఆ రచనకు ఆంగ్లానువాదం 1870లో వెలువడింది. విశ్వాసాలు వేరైనా, పరాయి ఊరిని చక్కదిద్దవలసిన ఊరుగా చూసే పాలకుల అలవాటు ఇద్దరిలోనూ కనిపిస్తుంది.

పరాయివారు వ్రాసినంత మాత్రాన మొదటిది అసత్యం కాదు. మనవారు వ్రాసినంత మాత్రాన రెండవది తుదితీర్పు కాదు. ఇద్దరూ కన్నదానిని సాక్ష్యంగా స్వీకరిద్దాం, తేల్చినదానిని తూచి చూద్దాం. తక్కెడ మాత్రం ఒక్కటే కావాలి.